గిన్నె నన్ను దాటిపోయిన ఆదివారాలు

"సార్, మీరు జై భీమ్ అంటరు, క్రిస్మస్‌కు చర్చిల కనబడ్తరు. అసలు మీరు విశ్వాసేనా?" పోయిన వారం క్లాసయ్యాక ఒక విద్యార్థి అడిగాడు. అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ ప్రయత్నిస్తాను.

భైంసాలో మా వాడ చర్చికి గంట లేదు. పాస్టరయ్య కొడుకు డప్పు కొడితే ప్రార్థన మొదలైనట్టు. రేకుల కప్పు, అలికిన నేల, మగోళ్లు ఓ దిక్కు, ఆడోళ్లు ఓ దిక్కు. మరాఠీ, ఉర్దూ కలిసిన మా తెలుగు విని బడిలో నవ్వేవాళ్లు. చర్చిలో మాత్రం నిలబెట్టి వాక్యం చదివించేవాళ్లు. నేను తెలుగులో డాక్టరేట్ చేశానంటే నా మొదటి వాచకం ఆ పెద్దక్షరాల బైబిలే. సంతకం రాని మా అవ్వ దాని మీదే వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కుంది. పటేలు చేన్లో తల ఎత్తని మనిషి సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఆగేది కాదు. ఏడ్చేది, నవ్వేది, కూలి ఎగ్గొట్టిన పటేలును దేవుని ముందర నిలబెట్టి కడిగేసేది. పాస్టరయ్య దగ్గి, "అమ్మా, స్తోత్రం చెప్పి కూసో" అనేదాకా.

ఇది ముందుగా చెప్పాలి. చర్చి మీద విమర్శ రాసే మా తరం ఇక్కడిదాకా రాకుండానే మొదలుపెడుతుంది.

నెలకోసారి ప్రభు బల్ల. రసం గిన్నె ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వచ్చేది, బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. పద్నాలుగేళ్లప్పుడు పాస్టరయ్య కొడుకూ నేనూ ఇద్దరం తీసుకుంటామన్నాం. వాడు వాగులో మునిగి లేచాడు. నన్ను బాపు ఆపాడు. "నౌకరీ వచ్చినంక తీస్కో బిడ్డా. దేవుడు ఎటూ పోడు. సర్టిఫికెట్ పోతది."

బాపు చదివింది నాలుగో తరగతి. అయినా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆయనకు కంఠతా వచ్చినట్టే. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడన్నది ఆ ఉత్తర్వులోని మూడో పేరా. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే. మన దగ్గర దళిత క్రైస్తవులు బీసీ-సీ. ఎస్సీలకు 15 శాతం, వీళ్లకు 1 శాతం. మతం మారితే అంటు పోతుందని ఢిల్లీ నమ్మింది. మా ఊరి హోటల్లో విడిగా పెట్టిన గ్లాసుకు ఆ సంగతి తెలియదు.

సండే స్కూల్లో అబద్ధం పాపమని నేర్పారు. పదో తరగతి ఫారంలో మతం అన్నచోట "హిందూ" అని రాశాను. పెన్ను ఆగింది, మళ్లీ నడిచింది. పాస్టరయ్య కొడుకుకు దాచడానికి వీల్లేదు కదా, ఊరందరికీ వాడు ఎవరి కొడుకో తెలుసు. బీసీ-సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఇద్దరిలో లెక్కలు బాగా వచ్చింది వాడికే. నాకు సీటొచ్చింది, తర్వాత ఫెలోషిప్, తర్వాత ఉద్యోగం. వాడు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోస్తాడు.

ఆ ఫారం నింపినప్పుడు నా పక్కన కూచున్న మహర్ మిత్రుడు "బౌద్ధ" అని ధీమాగా రాశాడు. వాడి తాత 1956లో నాగపూర్ వెళ్లి బాబాసాహెబ్‌ను చూసొచ్చినవాడు. ఆ రోజు నాకు అసూయ కలిగింది. అంబేడ్కర్‌ను నేను చదవడం మొదలుపెట్టింది ఆ అసూయతోనే, జ్ఞానతృష్ణతో కాదు.

ఇప్పుడు క్లాసులో 'గబ్బిలం' చెబుతాను. గుడిలోకి రానివ్వని మనిషి శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. జాషువాకు సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది 'క్రీస్తు చరిత్ర' అని కూడా చెబుతాను. గుడి ఆయన్ని ఆపింది. నన్ను బల్ల దగ్గర ఆపింది గుడీ కాదు, చర్చీ కాదు, ఒక ఫారం. 2024 నవంబరులో ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు "రాజ్యాంగం మీద మోసం" అన్నప్పుడు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మోసం ఎవరిదన్న ప్రశ్న నాకు ఇంకా తెగలేదు.

ఉద్యోగం వచ్చి ఏళ్లయింది. "ఇగ తీస్కోరాదు బిడ్డా" అంటుంది అవ్వ. తీసుకోలేదు. భయమా, అవిశ్వాసమా అంటే రెండూ ఉన్నాయి. కానీ కష్టం వస్తే నా నోట ముందుగా వచ్చేది ఆ రేకుల కింద నేర్చుకున్న ప్రార్థనే.

పాస్టరయ్య పోయాక ఇప్పుడు ఆదివారాలు వాడే నడుపుతున్నాడు. పోయిన క్రిస్మస్‌కు వెళ్లాను. గిన్నె నా వరుసలోకి వచ్చినప్పుడు వాడు ముందునుంచి నావైపే చూశాడు. పక్కనున్న ముసలాయనకు అందించాను. ఆయన చేతులు వణుకుతున్నాయి. తాగేదాకా గిన్నె నేనే పట్టుకున్నాను.