ప్రయోగశాలలోని కల్వము

గుంటూరు సీమలో దంచుట, నూఱుట యను పనుల నెఱుగని యిల్లు లేదు. మిరపకాయలకు రోలును రోకలియు, పచ్చడికి పొత్రమును, వైద్యుని మందునకు కల్వమును మన పెద్దల నాటినుండి యున్నవే. అందుచే బ్రాడీపేటలో మా విద్యార్థుల తలిదండ్రులు కొందఱు "అయ్యా, ఇంట రోలుండగా బడికి పింగాణి కల్వమేల?" యని మమ్ము నడుగుట కలదు. ఆ ప్రశ్న సమంజసమైనదే.

ఇంట నూఱునప్పుడు రాతిపొడి రవ్వంత కలిసినను కూరకు లోపము రాదు. ప్రయోగశాలలో నట్లు గాదు. కల్వము తనలోనిది దేనిని పదార్థమున కీయరాదు. పదార్థమునుండి దేనిని దాచుకొనరాదు. తడి మైలుతుత్తమును ఇనుప కల్వమున నూఱినచో ఇనుము కొంత కరగి, ఎఱ్ఱని రాగి దానిపై పేరుకొనును. పాత్రయే యబద్ధమాడిన, బాలుడు నిజమును వ్రాయుటెట్లు?

కావున పనినిబట్టి కల్వము నెన్నుకొనవలెను. గట్టి గడ్డలను పగులగొట్టుటకు ఇనుపది; సామాన్యముగా నూఱుటకు పింగాణిది; రంగు పట్టు ద్రవ్యములకు గాజుది. మిక్కిలి సన్నని పొడికి అగేటు రాతిది శ్రేష్ఠము. 1812లో మోస్ పండితుడు కల్పించిన కాఠిన్యపు మెట్లలో అగేటు 7వ మెట్టునకు సమీపమున నున్నది. మన నల్లరేగడి మన్నును పరీక్షకు సిద్ధపఱచునప్పుడు మాత్రము కొయ్య పనిముట్టుతో మెల్లగా చిదిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టవలెను. లేనిచో మంటిలోని రేణువులే నలిగిపోవును.

పింగాణి కల్వమును కొనునప్పుడు వ్రేలితో తట్టి చూడుడు. బీట లేనిది ఖంగున మ్రోగును. లోపలి భాగము నునుపైన మెఱుగు లేక కొంచెము గరుకుగా నుండవలెను. రోకటిబండ గుండ్రదనము గిన్నె యడుగునకు సరిగా నమరవలెను. క్రొత్తదానిలో ముందుగా ఉప్పును నూఱి, పొడి తెల్లగా వచ్చువఱకు పాఱవేయవలెను.

నూఱుట యనగా కొట్టుట గాదు; త్రిప్పుట. మూడవవంతునకు మించి నింపరాదు. కల్వమును మంటపై నుంచరాదు. మిరపగింజలను నూఱినపిదప ఒట్టి నీరు చాలదు; ఆ కారము నీట సరిగా కరగదు గనుక సబ్బుతో గాని స్పిరిటుతో గాని కడుగవలెను. కొయ్యపిడి గల రోకటిబండను నీట నానబెట్టిన అతుకు వదలును.

రాపిడియే యొక శక్తి యని విద్యార్థులు మఱువరాదు. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దివాడైన థియోఫ్రాస్టసు, ఇంగిలీకమును పులికాడితో రాగి కల్వమున రాగి రోకటితో నూఱిన పాదరసము వచ్చునని వ్రాసెను. 1890వ దశకమున కేరీ లీ యను శాస్త్రజ్ఞుడు, వేడికి కరగుటయే గాని విడిపోని వెండి క్లోరైడు నూఱుటచే విడిపోవునని చూపెను. మేలు చేయు నీ శక్తియే కీడును చేయగలదు. వేఱొక యూరి పాఠశాలలో పొటాసియము క్లోరేటును గంధకమును కలిపి నూఱిన బాలుని చేతిని మేము చూచితిమి. రెండు వ్రేళ్లు తిరిగి వంగలేదు. అట్టి ద్రవ్యములను కలిపి నూఱుట యెన్నడును కూడదు. ఉపాధ్యాయుని యనుమతి లేక దేనిని కల్వమున వేయరాదు.

తలిదండ్రులారా, మీ రోలు మీ యింటికి చాలును. ఈ చిన్న గిన్నె వంతున వంతున నెందఱో పిల్లల చేతులలోనికి పోవును. దానిని కడిగి, తుడిచి, ఆరబెట్టి యుంచు బాలిక తన తరువాత వచ్చువాని లెక్కను, చేతిని గూడ కాపాడుచున్నది.