ఫ్లెక్సీ మీద కాళోజీ

గొప్పవాళ్ల మాటలు మన దగ్గర పుస్తకాల్లో కంటే శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీదే ఎక్కువ కనపడతాయి. పుట్టుకకూ చావుకూ మధ్యనున్న బతుకు ఎవరిదో చెప్తూ కాళోజీ రాసిన మాట అందరికీ తెలిసిందే. 1979లో జయప్రకాశ్ నారాయణ్ పోయినప్పుడు రాశాడు.

ఇప్పుడది మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర, ఒక హమాలీ ఫొటో పక్కన ఉంది. కింద కాళోజీ పేరు లేదు, 'తోటి హమాలీలు' అని ఉంది.

"జేపీ ఎక్కడ, ఈయనెక్కడ?" అని నాతో ఉన్న ఫ్రెండ్ నవ్విండు.

తెల్లారకముందే లారీల్లోంచి ఉల్లిగడ్డ బస్తాలు దించినోడి బతుకు మరి ఎవరిది? ఆ వీపు మీదుగా దిగినవే చుట్టుపక్కల బస్తీల్లో పొయ్యి మీదికెక్కినయి. జేపీకి దేశమంతా నివాళులర్పించింది. ఈయనకు నలుగురు చందాలేసుకొని ఫ్లెక్సీ కట్టారు. ఆ మాట ఇద్దరికీ సరిపోయింది. నాకైతే ఇక్కడే కొంచెం ఎక్కువ సరిపోయిందనిపించింది.