కుందేలుకు కుదురైన ఇల్లు

కుందేలును పెంచుకోవాలనుకునేవాళ్లు నన్ను సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏం పెట్టాలి, బోను ఎంత పెద్దది ఉండాలి అని. ఎప్పుడు తెచ్చుకుంటే మంచిదని అడిగేవాళ్లు అరుదు. పశువైద్యుడిగా నేను చూసిన కుందేళ్లలో చాలావాటి కష్టం ఆ అడగని ప్రశ్న దగ్గరే మొదలైంది.

ఒక మే నెల సాయంత్రం ఐటీ ఉద్యోగం చేసే అబ్బాయి అట్టపెట్టెలో కుందేలును పట్టుకొచ్చాడు. కొండాపూర్ నుంచి నార్సింగికి ఇల్లు మారాడు. కొత్త ఫ్లాటు సంబరంలో వారం ముందే దాన్ని కొన్నాడు. సామాను దించే హడావుడిలో కాళ్లకు అడ్డం పడకుండా బోనును బాల్కనీలో పెట్టారు. "నిన్నటి నుంచి ఏమీ తినలేదు సార్. కొత్తచోటు కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాం" అన్నాడు. పొట్ట ఉబ్బి ఉంది. స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడు వినిపించలేదు. పళ్లు నూరుతోంది. బాధ ఎక్కువైనప్పుడు కుందేలు అలాగే చేస్తుంది.

కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. గడ్డిలోని పీచే దాన్ని కదిలిస్తుంది. భయంతోనో నొప్పితోనో ఎండ వేడికో తిండి మానేస్తే పేగు మందగిస్తుంది, గ్యాసు చేరుతుంది, ఆ నొప్పికి మరింత తినడం మానేస్తుంది. వాంతి చేసుకునే వీలు కూడా దానికి లేదు. అందుకే పది పన్నెండు గంటలు కుందేలు మేత ముట్టకపోతే మేం దాన్ని అత్యవసరంగానే చూస్తాం. ఆ రాత్రి సెలైన్, నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, సిరంజితో మెత్తటి మేత పట్టించాం. మళ్లీ పెంటికలు వేయడం మొదలుపెట్టాకే ధైర్యం వచ్చింది. అది బతికింది. అన్నీ బతకవు.

ఆ అబ్బాయిది అశ్రద్ధ అనలేను. రాత్రంతా క్లినిక్ మెట్ల మీద కూర్చున్నాడు. వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కాబట్టి కుందేలు తన జబ్బును పైకి కనబడనివ్వదు. ఎంత తింటోంది, ఎన్ని పెంటికలు వేస్తోంది, ఎలా కూర్చుంటోంది అన్న చిన్న తేడాలను బట్టే మనం పసిగట్టాలి. కుందేలూ కొత్తదై, ఇల్లూ కొత్తదైతే ఏది దాని మామూలు తీరో, ఏది జబ్బో చెప్పగలిగే మనిషే ఆ ఇంట్లో ఉండడు.

ఇంకో కుటుంబం బదిలీ మీద విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చింది. స్నేహితులను వదిలి వచ్చిన పాప దిగులు పోతుందని కుందేళ్ల జత కొన్నారు. రెండూ ఆడవేనని దుకాణంలో చెప్పారట. లేతవయసులో ఆడమగ తేడా పోల్చడం కష్టం. సామాను పూర్తిగా సర్దుకోకముందే ఇంట్లో పిల్లలు పుట్టాయి. కుందేలు చూలు సుమారు నెలరోజులే. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, తర్వాత కొన్నాళ్లు దగ్గరుండి చూసుకోవడానికి ఆ తల్లిదండ్రులిద్దరికీ సెలవు దొరకలేదు. పాప దిగులు పోలేదు సరికదా, అమ్మకు కొత్త దిగులు పట్టుకుంది.

తెచ్చుకునే ముందే అడిగిన మనిషి కూడా ఒకరున్నారు. ఒక ఆసుపత్రిలో నర్సు. "పన్నెండు గంటలు డ్యూటీలోనే ఉంటాను సార్. నాలాంటిదానికి కుందేలు తగదేమో?" అంది. ఎన్ని గంటలు ఇంట్లో ఉంటావన్నదానికన్నా ఏ గంటల్లో ఉంటావన్నది ముఖ్యమమ్మా అన్నాను. కుందేలు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సందెవేళ. పగలు ఎక్కువసేపు కునుకు తీస్తుంది. ఆ రెండు పూటలూ మనవైతే, మధ్యలో ఉద్యోగం అడ్డం కాదు. వారం పగలు, వారం రాత్రి మారే డ్యూటీలతోనే ఇబ్బంది. ఆమెకు అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సిన గడువు కూడా దగ్గరపడింది. ఆగమన్నాను, ఆగింది. కొత్త ఇంట్లో కుదురుకుని, డ్యూటీ ఒక దారిన పడ్డాక, ఆపరేషన్ అయిపోయిన పెద్ద కుందేలును తెచ్చుకుంది. పిల్లకన్నా అలాంటిది నిదానంగా ఉంటుంది, ఒకేచోట మలమూత్రాలకు త్వరగా అలవాటు పడుతుంది. ఇప్పుడు ఆమె దాన్ని మామూలు పరీక్షలకు మాత్రమే తీసుకొస్తోంది.

కొత్త ఇంట్లో కనీసం ఒక నెల గడిచాక తెచ్చుకోమని నేను చెబుతాను. ఆ నెలలో ఇంటి యజమాని అనుమతి తీసుకోండి. కరెంటు వైర్లు పళ్లకు అందకుండా సర్దండి. మధ్యాహ్నం ఏ గది చల్లగా ఉంటుందో గమనించండి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మన ఎండలు 40 దాటుతాయి. కుందేళ్లకు వైద్యం తెలిసిన డాక్టర్ని ముందే వెతికి పెట్టుకోండి. కొన్ని రకాల యాంటీబయాటిక్స్ నోటి ద్వారా ఇస్తే దాని ప్రాణానికే ముప్పు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు తేకండి, తిరిగొచ్చాక తెండి.

ఇప్పటికే కుందేలు ఉండి ఇల్లు మారాల్సి వస్తే, పాత మేత మార్చకండి. మలమూత్రాలకు వాడే పాత ట్రేను పూర్తిగా కడక్కుండా తీసుకెళ్లండి, తన వాసన దానికి ధైర్యం. సామాను మోసేవాళ్లు వెళ్లిపోయాక, చల్లని వేళ, ఒకే గదిలో వదలండి. ఆ రాత్రి ఎంత అలసిపోయినా గడ్డి తిందా, పెంటికలు వేసిందా అని చూడకుండా పడుకోకండి.

సరిగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అన్నేళ్ల తోడు కోసం రెండు మూడు నెలలు ఆగడం కష్టమేమీ కాదు. ముందు మీరు కుదురుకోండి, తర్వాతే దాన్ని తెచ్చుకోండి.