లేదా? ఇంకా రాలేదా?

ఇంట్లో ఉప్పు లేదనుకోండి, చప్పిడి కూర తిని లేస్తాం. ఉప్పు తేవడానికి కొట్టుకెళ్ళినవాడు ఇంకా రాలేదనుకోండి, కాస్సేపు ఆగుతాం. ఈపాటి తేడా చిన్నపిల్లలకి కూడా తెలుసు. మన కెర్నెల్ డ్రైవర్లకే చాలా ఏళ్ళు తెలీలేదు!

చిప్‌లో ఒకే ఈథర్నెట్ బ్లాకు పది రకాల బోర్డుల్లో వాడతారు. కొన్ని బోర్డుల్లో దాని క్లాక్ ఇంకో చిప్ నుంచి వస్తుంది, లైనక్స్ దాన్ని ఆన్ చేయాలి. కొన్నిట్లో పక్కనే క్రిస్టల్ ఉంటుంది, లైనక్స్‌కి దాంతో పనే లేదు. అందుకే డ్రైవర్ దృష్టిలో ఆ క్లాక్ ఆప్షనల్.

డ్రైవర్ క్లాక్ అడిగినప్పుడు, డివైస్ ట్రీలో దాని ఊసే లేకపోతే మైనస్ 2 వస్తుంది, అంటే 'లేదు'. ట్రీలో ఉండి, దాన్ని ఇచ్చే డ్రైవర్ ఇంకా లోడ్ అవ్వకపోతే మైనస్ 517 వస్తుంది, అంటే 'మళ్ళీ రా'. ఈ రెండోది 2012లో 3.4 కెర్నెల్‌తో వచ్చింది. కానీ ఎన్నో డ్రైవర్లలో పాత అలవాటు అలాగే ఉండిపోయింది: ఏ ఎర్రర్ వచ్చినా 'క్లాక్ లేదు' అనుకుని ముందుకెళ్ళిపోవడం.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో చిప్ కంపెనీవాళ్ళు ఇచ్చిన డ్రైవర్ సరిగ్గా ఇదే బాపతు. పాత కెర్నెల్. బోర్డు ఒకసారి బూట్ అయితే నెట్‌వర్క్ వచ్చేది, ఇంకోసారి వచ్చేది కాదు. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. స్కోప్ పెట్టి చూస్తే క్లాక్ కనబడట్లేదు. ఇంకేం, బోర్డుదే తప్పన్నారు. లేఅవుట్ చేసినాయన రెండు వారాలు ప్రతి మీటింగులో సంజాయిషీ చెప్పుకున్నాడు, ఉన్న సోల్డరింగంతా మళ్ళీ చేయించాడు. చివరికి డ్రైవర్ చదివితే తేలిందేమిటంటే, క్లాక్ చిప్ మాడ్యూల్ ఆలస్యంగా లోడ్ అయిన రోజున ఈథర్నెట్ డ్రైవర్ దానికోసం ఆగట్లేదు, ఆ క్లాక్‌ని ఎవరూ ఆన్ చేయట్లేదు. మూడు లైన్ల మార్పుతో సరిపోయింది. ఆయనకి మాత్రం ఎవరూ సారీ చెప్పలేదు.

2019లో 5.1 కెర్నెల్‌లో క్లాక్ గెట్ ఆప్షనల్ అనే ఫంక్షన్ చేర్చారు. నిజంగా 'లేదు' అన్నప్పుడే అది నల్ ఇస్తుంది, మిగతా ఎర్రర్లన్నీ ఉన్నవున్నట్టు మన చేతికొస్తాయి. నల్ క్లాక్‌ని ఎనేబుల్ చేసినా నిశ్శబ్దంగా సున్నా, అంటే సక్సెస్, వస్తుంది. కాబట్టి అడుగడుగునా ఇఫ్‌లు రాయక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త. నల్ క్లాక్‌ని రేటు అడిగితే వచ్చేదీ సున్నానే. దాంతో ఏదైనా భాగించారో, అయిపోయారన్నమాట!

"ఏదోలా బూట్ అవ్వాలి కదా, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే కస్టమర్ ఊరుకుంటాడా?" అంటారు కొందరు. నా మటుకు నాకు, అరిచి ఆగిపోయే డ్రైవరే నయం. దాన్ని ఒక పూటలో పట్టుకోవచ్చు. నోరు మూసుకుని ముందుకెళ్ళే డ్రైవర్ వల్ల ఏ పాపం ఎరగనివాడి మీద నింద పడుతుంది. క్లాక్ ఆప్షనల్ కావచ్చు గానీ, ఎర్రర్ ఏమిటో చూడటం ఆప్షనల్ కాదు కదండీ.

వీలైతే మీ ట్రీలో ఒకసారి వెతికి చూడండి, ఎర్రర్ రాగానే క్లాక్‌ని నల్ చేసేసే లైన్లు ఎన్ని ఉన్నాయో. మీ పక్క సీటు హార్డ్‌వేర్ ఇంజనీరు మీకు రుణపడి ఉంటాడు.