నల్ల బోర్డు బండి

రోడ్డు ముచ్చట్లు – 9



పోయిన వారం నా వాల్ మీద ఒక ఫొటో పెట్టాను. పొడుగాటి కారు, డ్రైవింగ్ సీట్లో నేను. "అక్కా, కారు కొన్నవా?" అని కామెంట్లలో అందరూ అదే ప్రశ్న. కొనలేదు తమ్ముళ్లూ. నంబర్ ప్లేట్ చూడండి. నల్ల పలక మీద పసుపు అక్షరాలు. అంటే కిరాయికి తీసుకుని మనమే నడుపుకునే బండి.

మన రోడ్ల మీద బండ్లకూ వర్ణాలున్నాయి. సొంత బండికి తెల్ల ప్లేటు. ట్యాక్సీకి, లారీకి పసుపు. సెల్ఫ్ డ్రైవ్ కిరాయి బండికి నలుపు. చాలాచోట్ల మనిషి మొహం కంటే ముందు ప్లేటు చూస్తారు. దాన్ని బట్టే గొంతు మారుతుంది.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, గెస్ట్ లెక్చరర్‌గా పాఠం చెప్తున్నదాన్ని. నా జీతం గంటల లెక్క. కిరాయి కారూ గంటల లెక్కే. రోజూ కాలేజీకి స్కూటీ మీద పోతా. ఊళ్లో పెళ్లో చావో ఉంటే, అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వస్తే కారు తీసుకుంటా. పొద్దున ఆరింటికి కార్ఖానా దగ్గర పార్కింగ్‌కు పోవాలి. ముందు బండి చుట్టూ తిరిగి ప్రతి గీతకూ, ప్రతి సొట్టకూ ఫొటో తీయాలి. లేకపోతే ఎవరో చేసిన గాయం మన ఖాతాలో పడుతుంది. ఇది మనకు కొత్త పాఠం కాదు.

మొదట్లో డిజైర్ తీసుకునేదాన్ని. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించారు. డిజైర్ మొదట వచ్చినప్పుడు అంతకంటే పొడుగు. 2012లో దాని తోక కత్తిరించి నాలుగు మీటర్ల లోపలికి తెచ్చారు. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఊరి నుంచి రెండు బియ్యం బస్తాలు వేసుకుంటే ఆ కత్తిరింపు ఎంతో తెలుస్తుంది. అప్పుడు హోండా సిటీకి మారాను. నాలుగున్నర మీటర్ల బండి. డిక్కీలో బస్తాలు పోయాక కూడా అమ్మ పచ్చడి జాడీకి చోటు మిగిలింది.

సిటీ నడపడం సుఖం. స్టీరింగ్ వేలితో తిరుగుతుంది. నేను తీసుకున్నది ఆటోమేటిక్. ఉప్పల్ ట్రాఫిక్‌లో ఎడమ కాలికి పని లేకపోవడం ఎంత భాగ్యమో స్కూటీ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఘట్‌కేసర్ దాటి, బీబీనగర్ టోల్ దాటి, భువనగిరి గుట్ట కనపడేసరికి బండి వందలో ఉంటుంది. లోపల మాట్లాడుకుంటే మాట వినపడుతుంది. లోపాలూ ఉన్నాయి. లారీని దాటాలని గట్టిగా తొక్కితే ముందు ఇంజన్ అరుస్తుంది, వేగం తర్వాత వస్తుంది. సీటు కిందికి ఉండడంతో దిగేటప్పుడు అమ్మ మోకాళ్లు మొరాయిస్తాయి. ఊరి సీసీ రోడ్డు అయిపోయి మా వాడ మొదలయ్యే చోట ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. అక్కడ అందరూ దిగితే తప్ప బండి కడుపు గీక్కుపోతుంది. సెడాన్‌ను మా వాడలాంటి వాడల కోసం తయారు చేయలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు ముచ్చట కూడా చెప్పాలి. 158 కిలోమీటర్లు. దాని మీదికి టూ వీలర్లను రానివ్వరు. ఏళ్ల తరబడి కింద సర్వీస్ రోడ్డు మీద స్కూటీ నడుపుతూ పైన పోయే బండ్లను చూసినదాన్ని. సిటీతో మొదటిసారి ఘట్‌కేసర్ దగ్గర పైకెక్కి శంషాబాద్ దాకా పోయాను. అక్కడ పనేమీ లేదు. ఊరికే పోయి వచ్చాను. టోల్ నాలుగు చక్రాలను అడిగింది, డబ్బు అడిగింది, ఇంకేమీ అడగలేదు. ఇదే బాగుంది కదా అనుకున్నా.

అట్లా అనుకున్నందుకు రెండు నెలలకే జవాబు దొరికింది.

తమ్ముడి పెళ్లి. ఊరేగింపుకు పెద్ద కారు కావాలన్నాడు. ఆప్‌లో నాకు పెద్ద సెడాన్ దొరకలేదు. సికింద్రాబాద్‌లోనే కిరాయి కార్లు తిప్పే ఒకాయన దగ్గరికి పోయాం. మా నాయిన, నేను. క్యామ్రీ ఉంది, డ్రైవర్‌తో పంపిస్తా అన్నాడు. ఏ ఊరు అన్నాడు, చెప్పాం. ఊళ్లో ఎక్కడ అన్నాడు, చెప్పాం. "ఏమిటోళ్లు?" అన్నాడు. అదీ చెప్పాం. ఫోన్ పట్టుకుని బయటికి పోయి వచ్చాడు. "డ్రైవర్లు లేరమ్మా, ముహూర్తాల సీజన్. రాత్రి అక్కడ ఉండుడు, తినుడు వాళ్లకు కుదరదు. మీరే నడుపుకుంటరంటే బండి ఇస్త. అడ్వాన్స్ డబుల్."

ఆయన మనసులో ఏముందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నిజంగానే డ్రైవర్లు లేరేమో. కులం ఇప్పుడు ఇట్లాగే పనిచేస్తుంది. సాక్ష్యం మిగల్చదు. అనుమానం మనకిచ్చి మర్యాద తన దగ్గర ఉంచుకుంటుంది.

బండి కిరాయికి ఉంది, తోలే మనిషి మాత్రం రాడు. ఈ మాట నేను ఎక్కడో చదివాను. మీరూ చదివే ఉంటారు. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. సుమారు 1901లో బాబాసాహెబ్, ఆయన వెంట పిల్లలు తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్‌లో దిగారు. మహర్లని తెలియగానే ఎడ్లబండి వాళ్లెవరూ రామన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే బండి పిల్లలే తోలాలి, తను పక్కన నడుస్తాడు. మళ్లీ 1929లో చాలీస్‌గావ్. అప్పటికి ఆయన బారిస్టర్, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడు. టాంగావాలాలు ఆయన్ని ఎక్కించుకోమన్నారు, టాంగా మాత్రం ఇస్తామన్నారు. నాయకుణ్ణి నడిపించడం ఇష్టంలేక మనవాళ్లలో ఒకరు పగ్గాలు పట్టారు. ఆయనకు తోలడం రాదు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని టాంగా పల్టీ కొట్టింది. బాబాసాహెబ్ రాళ్ల మీద పడి కాలు విరిగింది.

సెల్ఫ్ డ్రైవ్ అనేది ఈ మధ్య స్టార్టప్పులు కనిపెట్టిందని మీకెవరైనా చెప్తే నమ్మకండి.

చాలీస్‌గావ్ వాళ్లకు లేనిది మాకు ఒకటి ఉంది. మాకు తోలడం వచ్చు. మా నాయిన 27 ఏళ్లు సికింద్రాబాద్‌లో ఒక పెద్దమనిషి అంబాసిడర్ నడిపాడు. వెనక సీటు మీద తెల్ల టవల్ రోజూ ఉతికి పరిచేవాడు. ఆయన చాయ్ గ్లాసు మాత్రం కారు షెడ్డు గోడ మీద వేరుగా ఉండేది. నాకు పద్దెనిమిది నిండగానే లైసెన్స్ ఇప్పించాడు. "ఉద్యోగం ఉంటదో ఊడ్తదో బిడ్డా, చేతిల స్టీరింగ్ ఉండాలె" అన్నాడు.

డబుల్ అడ్వాన్స్ కట్టి క్యామ్రీ తెచ్చాను. నాలుగు తొమ్మిది మీటర్ల బండి. మొదటి పది కిలోమీటర్లు గల్లీల్లో దాని మూతి ఎక్కడ అయిపోతుందో తెలియక భయం. ఇది సిటీకి పెద్దక్క కాదు, వేరే జాతి. సిటీలో నడిపే మనిషికి సుఖం, క్యామ్రీలో వెనక కూర్చున్న మనిషికి సుఖం. వెనక సీటు ఒరుగుతుంది, కాళ్లు చాపుకోవచ్చు. ఈ బండి నడపడానికి ఎవరో ఒకరు ఉంటారని తయారుచేసినవాడు ముందే అనుకున్నాడు.

వెనక కూర్చో నాయినా అంటే వినలేదు. నా పక్కనే కూర్చుని అద్దాలు సరిచేశాడు.

ఊరు దగ్గరపడుతుంటే "చెర్వుకట్ట మీదికెల్లి పోదాం బిడ్డా" అన్నాడు. కట్ట మీది తోవ నేరుగా వాడకు పోతుంది. పెద్ద బజారు తగలదు. నేను బజారు వైపే తిప్పాను. వెనక పెళ్లికొడుకు, పెళ్లికూతురు. ముందు మా వాళ్ల డప్పులు. క్యామ్రీ హైబ్రిడ్, మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ మీద నడుస్తుంది. ఇంజన్ చప్పుడు లేదు. అద్దాలు దింపితే బజారంతా డప్పు ఒక్కటే.

హోటల్ ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ కారుకు లేచారు. అద్దం లోంచి నాయిన మొహం చూశారు, తర్వాత ప్లేటు చూశారు. "కిరాయిదిరా" అన్నాడు ఒకడు. మళ్లీ కూర్చున్నారు.

అంతే జరిగింది. ఎవరూ రాయి వేయలేదు. ఎవరూ ఆపలేదు. ఊరేగింపు మీద దాడి జరిగితేనే వార్త. లేచినవాళ్లు మళ్లీ కూర్చుంటే అది వార్త కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పరిష్కారం సొంత కారా? 2021లో మొదలైన దళితబంధు కింద పది లక్షలతో చాలామంది కార్లు తీసుకున్నారు. మా చిన్నాయన కొడుకూ తీసుకున్నాడు. పసుపు ప్లేటు. రోజూ స్టేషన్ ముందు గిరాకీ కోసం నిలబడతాడు. బండి తనది కాబట్టి చాయ్ గ్లాసు కూడా తనదే. అది చిన్న మార్పేమీ కాదు. కానీ 1989 నాటి కేంద్ర పథకం ప్రకారం నల్ల ప్లేటు వ్యాపారానికి లైసెన్స్ కావాలంటే కనీసం 50 కార్లుండాలి. ఒక్క కారు వచ్చినవాడు డ్రైవర్ అవుతాడు. యాభై కార్లున్నవాడే "ఏమిటోళ్లు?" అని అడిగే కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీల సంగతి మాట్లాడకుండా మనకు స్టీరింగులే పంచితే సరిపోదు.

బండి అప్పజెప్పే ముందు నాయిన గుడ్డ తెచ్చి వెనక సీటు తుడవడం మొదలుపెట్టాడు. పూలరేకులు, అక్షింతలు. వాళ్లు కడుక్కుంటారులే నాయినా అన్నాను. "ఇంకొకలు కూసుంటరు గదా" అన్నాడు. తుడవడం అయిపోయాక అక్కడే కూర్చున్నాడు. ఎడమ పక్కన, ఓనర్లు కూర్చునే చోట. నేను వెనక్కి తిరగలేదు, అద్దంలో చూశాను.

"ఏసీ ఎయ్యి బిడ్డా" అన్నాడు.

వాపసు టైముకు ఇంకా నలభై నిమిషాలుంది. పరేడ్ గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు తిప్పాను.

చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో లైసెన్స్ తీసుకోండి. తోలే మనిషి రానన్న రోజు మీ చేతికి పని ఉంటుంది.

జై భీమ్.