పొయ్యి బూడిద

వేసవిలో గృహదర్శనములకు వెళ్లినప్పుడు మేము పెరటి పెంటకుప్పవైపు ఒకసారి చూస్తాము. పొద్దున పొయ్యి బూడిద అక్కడే పోసి ఉంటుంది. పైకి చల్లగానే ఉన్నా, లోపలి నిప్పుకణికలను బూడిద మరునాటి వరకు కాపాడగలదు. (అగ్గిపెట్టె ఆదా చేయాలని మన అమ్మమ్మలు రాత్రి నిప్పు దాచినది ఇలాగే గదా!) మధ్యాహ్నం వడగాలికి పైపొర ఎగిరిపోతే ముందు ఎండుటాకులు, తరువాత గడ్డివామి, ఆ తరువాత పొరుగువారి పూరిల్లు.

నిర్గమకాండము 22:6 చూడండి. ముండ్లకంప అంటుకొని ఇతరుల పంట కాలితే, నిప్పు పెట్టినవాడే నష్టము చెల్లించాలి. గాలిమీద నెపము వేయడానికి అక్కడ చోటు లేదు.

ఆకులు, చెత్త కాల్చకుండ గుంటలో వేసి మట్టి కప్పండి. పాత సెల్‌ఫోను బ్యాటరీ అందులో వేయవద్దు, నలిగితే దానంతటదే అంటుకోవచ్చు. బూడిదలో నీళ్లు పోసి, కర్రతో కలిపి, మరల పోయండి. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో బియ్యము కడిగిన నీళ్లయినా చాలు.