మెలట్టూరు వీధిలో తెల్లవార్లూ తెలుగు

తంజావూరు వెళ్ళే తెలుగువాళ్ళకి ఒక దారి ఖాయం. బృహదీశ్వరాలయం, సరస్వతీ మహల్, ఆ తర్వాత తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి. పుష్య బహుళ పంచమినాడైతే కావేరి ఒడ్డున అడుగు పెట్టే చోటుండదు. నేనూ ఆ దారిన పోయినవాణ్ణే. ఈసారి మాత్రం వైశాఖం ఎండల్లో, నరసింహ జయంతికి, మెలట్టూరు బస్సెక్కాను. త్యాగరాజు కాలంలోనే అక్కడ ఇంకొకాయన కూర్చుని తెలుగులో నాటకాలకి నాటకాలే పాటలుగా కట్టాడు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి. మన వైపు సంగీతం నేర్చుకున్నవాళ్ళని అడిగినా ఈ పేరు వినగానే తెల్లముఖం వేస్తారు.

ఊరు చిన్నది. అరటి తోటలు, కొబ్బరి చెట్లు, అరుగుల ఇళ్ళ అగ్రహారం, దాని చివర వరదరాజ పెరుమాళ్ గుడి. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప 16వ శతాబ్దం చివర్లో 510 బ్రాహ్మణ కుటుంబాలకి ఇళ్ళూ పొలాలూ ఇచ్చి ఇక్కడ నిలిపాడని చెబుతారు. ఊరికి అచ్యుతాపురమన్న పేరు అలా వచ్చిందే. నాయకులు పోయి మరాఠాలొచ్చినా కొలువులో తెలుగు మాత్రం కదల్లేదు. షాహాజీ మహారాజు అంతటివాడు స్వయంగా తెలుగులో పల్లకీ సేవా ప్రబంధం రాశాడు. అలాంటి నేల మీద శాస్త్రి ప్రహ్లాద చరిత్ర, ఉషా పరిణయం, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద లాంటి నాటకాలు రాశాడు. ఇప్పుడా ఇళ్ళలో మాట్లాడేది తమిళమే. నాటకం ప్రతులు కూడా తమిళ లిపిలో రాసుకుంటారు. ఈ నాటకాలాడే భాగవత మేళాలు మాత్రం ఊళ్ళో రెండు. ఇంత చిన్న ఊరికి రెండు సంఘాలేమిటని అడగబోయి ఊరుకున్నాను. తెలుగుతనం పూర్తిగా పోలేదన్నమాట!

రాత్రి భోజనాలయ్యాక ప్రహ్లాద చరిత్ర చూడ్డానికి వీధిలోనే పందిరి కింద జనం చేరారు. వేదిక గుడికి ఎదురుగా ఉంది. ముందు వరస దేవుడిది, ఆయన వెనకే మనం. ఈ ఒక్క ఏర్పాటు చూస్తేనే విషయం బోధపడుతుంది, ఆట ఎవరి కోసమో.

మొదట పొడుగాటి టోపీతో కోణంగి గంతులేస్తూ వచ్చి జనాన్ని నవ్వించి పోయాడు. భాగవతులు తోడయమంగళం పాడారు. ఏనుగు ముఖం తగిలించుకుని ఒక చిన్న పిల్లవాడు గణపతిగా వచ్చాడు. వాళ్ళమ్మ కాబోలు, పక్కనుంచి కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ తర్వాత కట్టియకారుడు వచ్చి హిరణ్యకశిపుడు వేంచేస్తున్నాడని చాటాడు. తెర వెనక ప్రవేశ దరువు అందుకున్నారు.

ఆ దరువు గురించి కాస్త చెప్పాలి. పాత్ర లోపలికి అడుగు పెట్టేటప్పుడు పాడే పాట అది. ఆ మనిషి ఎవరో, ఎంత గర్విష్ఠో, ఎలా నడుస్తాడో అన్నీ అందులోనే ఉంటాయి. శాస్త్రి గొప్పతనం అక్కడే కనిపించింది నాకు. రాక్షసరాజుకి ఇచ్చిన నడక వేరు, ప్రహ్లాదుడి తల్లి లీలావతికి ఇచ్చిన నడక వేరు. లీలావతి వేషం కట్టింది మగవాడే, ఇక్కడ అన్ని వేషాలూ మగవాళ్ళవే. పగలు మామూలు ఉద్యోగం చేసుకునే మనిషి, కొడుకు పడే హింస చూడలేని తల్లిగా మారి ఒక చరణాన్ని మళ్ళీ మళ్ళీ పాడిస్తూ, ప్రతిసారీ ముఖంలో ఇంకో సంగతి చూపిస్తుంటే, నా పక్కనున్న ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పాటల మధ్య పద్యాలు, ద్విపదలు, వచనాలు. కచేరీల్లో అరుదుగా వినబడే ఆహిరి, ఘంటా లాంటి రాగాలు ఇక్కడ ఇంటి మనుషుల్లా తిరుగుతాయి. మాట అక్కడక్కడా తమిళ యాసలో ఒత్తు జారిపోయి వినబడుతుంది. మొదట్లో చెవికి గుచ్చుకుంది. అర్ధరాత్రి దాటేసరికి మనసు దాని మీదికి పోవడం మానేసింది.

తెల్లవారుజామున నరసింహుడు వచ్చాడు. ఆ ముఖం రంగస్థల సామగ్రి కాదు, పూజలందుకునే మూర్తి. అది ధరించే మనిషి ఉపవాసం ఉంటాడు. పూనకం వస్తుందని చెరో పక్కా మనుషులు పట్టుకునే ఉన్నారు. హిరణ్యకశిపుడు ఎదురుగా నిలబడి వాదిస్తూ, కవ్విస్తూ ఉంటే ఆయన ఊగిపోతున్నాడు. జనం లేచి చేతులు జోడించారు. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ లేరు.

శాస్త్రి మనకెందుకు తెలియకుండా పోయాడో అప్పుడర్థమైంది. త్యాగరాజు కీర్తనని శిష్యులు గొంతులో పెట్టుకుని ఏ ఊరైనా తీసుకుపోగలిగారు. అది ఒక్కడు పాడుకునే పాట. శాస్త్రి దరువుకి రాక్షసుడు కావాలి, తెర కావాలి, రాత్రంతా కావాలి, ఎదురుగా దేవుడు కావాలి. వేదిక మీద తంబురా ముందు కూర్చుని పాడితే సగం చచ్చిపోతుంది. ఆయన పాటలు ఊరు కదల్లేదు, అందుకే పేరూ కదల్లేదు. 19వ శతాబ్దం చివర్లో నటేశ అయ్యర్ మేళాన్ని మళ్ళీ నిలబెట్టకపోయి ఉంటే ఇదీ మిగిలేది కాదేమో. ఆ తర్వాత భరతనాట్యానికి అండగా నిలిచిన ఇ. కృష్ణయ్యర్ దీని గురించి రాశారు. మద్రాసు కళాక్షేత్రంలో రుక్మిణీదేవి ఈ సంప్రదాయపు నాటకాలు కొన్నింటిని తన పద్ధతిలో ఆడించారు. మన విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు ఏటా ఒక బస్సు నిండా పిల్లల్ని ఇక్కడికి పంపితే పోయేదేమీ లేదు. తిరువయ్యారుకి ఎలాగూ పంపుతున్నారు కదా.

పొద్దున్న హోటల్లో ఇడ్లీ తింటుంటే రాత్రి నా పక్కన కూర్చున్న పెద్దాయన కనిపించారు. నేను తెలుగువాణ్ణని తెలిసి, ఒక పద్యం అర్థం చెప్పించుకున్నారు. చిన్నప్పటినుంచీ వింటున్నారట, భావం తెలుసు గానీ మాటమాటకీ అర్థం ఎవరూ చెప్పలేదట.

"మీ ఊళ్ళలో మా శాస్త్రిగారి నాటకం ఎక్కడ ఆడతారు సార్?" అని అడిగారు తమిళంలో.

కూచిపూడి గురించి చెప్పబోయాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది సిద్ధేంద్రయోగిది. శాస్త్రిగారిది?"

ఎక్కడా ఆడరని చెప్పాను. కాసేపు కాఫీ చల్లార్చుకుని, హరిశ్చంద్ర కూడా చూసి వెళ్ళమన్నారు. అది రెండు రాత్రులు సాగుతుందట. తంజావూరులో లాడ్జి గది ఖాళీ చేస్తానని చెప్పి వచ్చాను. ఫోన్ చేసి ఉంచేయమన్నాను.